ట్రెయిలర్ మీద లాక్కెళ్ళే తెరచాప పడవ: ఎంత గాలిలో, ఎంత దూరం, ఎంతమందితో

అమెరికాలో సెకండ్‌హ్యాండ్ తెరచాప పడవ కోసం వెతకడం మొదలుపెడితే మెక్‌గ్రెగర్ 26 పేరు త్వరగానే ఎదురవుతుంది. పొడవు 25 అడుగుల 10 అంగుళాలు. వెడల్పు ఎనిమిది అడుగుల లోపే కాబట్టి ప్రత్యేక పర్మిట్ లేకుండా హైవే మీద లాక్కెళ్ళొచ్చు. తెరచాపలున్నాయి, వెనక 50 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు పట్టే చోటుంది, లోపల పడకలున్నాయి, పిల్లలకి టాయిలెట్ ఉంది. కాలిఫోర్నియాలో రోజర్ మెక్‌గ్రెగర్ కంపెనీ 26ఎక్స్ మోడల్‌ని 2002 వరకు, దాని తర్వాత వచ్చిన 26ఎమ్‌ని 2013 వరకు తయారుచేసింది. మెరీనాలో నెలనెలా అద్దె కట్టక్కర్లేదు, ఇంటి ముందే పెట్టుకోవచ్చు. (చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ వాళ్ళు, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, ఒప్పుకోరు. డబ్బు కట్టకముందే ఆ కాగితాలు చదవండి.)

కొన్నాక అందరికీ వచ్చే ప్రశ్న ఒకటే: దీంతో సముద్రంలోకి వెళ్ళొచ్చా? సూటిగా అవుననీ కాదనీ చెప్పలేం. ఈ పడవలో నిజానికి రెండు పడవలున్నాయి. పడవని నిలబెట్టే బరువు కోసం అడుగున పెట్టిన నీళ్ళ ట్యాంకు నిండి ఉన్నప్పుడు ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడు ఇంకొకటి. మొదటిది ఒరిగితే లేస్తుంది. రెండోది ఒక హద్దు దాటి ఒరిగితే లేవదు. ఈ రోజు ఏ పడవ మీద వెళ్తున్నారో రాంప్ (పడవని నీళ్ళలోకి దించే వాలు) దగ్గర ఉండగానే తేల్చుకోవాలి. మిగతా పద్ధతులన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

ముందు, ఎక్కడ తిప్పుతారో తేల్చుకోండి

యూరప్‌లో అమ్మే పడవలకి నాలుగు తరగతులున్నాయి. ఏ అంటే నడిసముద్రం. బి అంటే తీరానికి దూరంగా, నాలుగు మీటర్ల అలల దాకా. సి అంటే తీరం పక్కన, పెద్ద సరస్సుల్లో, నదీముఖాల్లో, రెండు మీటర్ల అలల దాకా, గాలి బలాన్ని కొలిచే బోఫర్ట్ లెక్కలో 6వ నంబరు గాలి దాకా. డి అంటే చెరువులు, కాలువల్లాంటి నెమ్మదైన నీళ్ళు, అడుగులోపు అలలు. ట్రెయిలర్ మీద లాగే ఈ సైజు పడవల్ని మీరు సి తరగతి పడవలుగానే చూడండి. 6వ నంబరు గాలి అంటే 22 నుంచి 27 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు). అది పడవ తట్టుకోగల పైహద్దు మాత్రమే. కుటుంబంతో సరదాగా వెళ్ళే రోజు గాలి అందులో సగం దాటకూడదని నా లెక్క.

మొదటి ఏడాదికి లోపలి సరస్సులు చాలు. డాలస్ వాళ్ళకి లేక్ లూయిస్‌విల్, లేక్ టెక్సోమా ఉన్నాయి. హ్యూస్టన్ వాళ్ళ గాల్వెస్టన్ బే చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది గానీ లోతు తక్కువ. లోతు తక్కువైన నీళ్ళ మీద గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తాయి. పైగా మధ్యలోంచి పెద్ద ఓడల కాలువ వెళ్తుంది. అక్కడికి రెండో ఏడాది వెళ్ళండి.

కొనేముందు చేత్తో తడిమి చూడండి

ఫొటోల్లో అన్ని పడవలూ బాగుంటాయి. దగ్గరికి వెళ్ళి మాస్టుని (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే స్టీలు తీగల మీద పాత కాటన్ గుడ్డతో పైనుంచి కిందిదాకా తుడవండి. ఎక్కడైనా గుడ్డ పోగు పట్టుకుందంటే అక్కడ ఒక సన్నతీగ తెగి ఉంది. తీగ చివర బిగింపు దగ్గర తుప్పు మరక కనిపించినా అన్నీ మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. తీగ తెగితే మాస్టు కూలుతుంది. అది కూలేది గాలి బాగా ఉన్నప్పుడే.

వెనక రెండు చుక్కానుల్ని పట్టుకుని అటూ ఇటూ ఊపండి. బ్రాకెట్ల దగ్గర వదులుగా ఉన్నా, పగుళ్ళున్నా రాసిపెట్టుకోండి. 26ఎమ్‌లో నీళ్ళలోకి నిలువుగా జారే పలక, డాగర్‌బోర్డుంటుంది, 26ఎక్స్‌లో వెనక్కి మడిచే సెంటర్‌బోర్డుంటుంది. ఏదైనా సరే, పూర్తిగా పైకీ కిందికీ లాగి, తాడు ఎంత నలిగిందో చూడండి.

ట్యాంకు పరీక్ష అమ్మేవాళ్ళు తమంతట తాము చూపించరు, మీరే అడగాలి. నీళ్ళు నింపి ఒక గంట ఆగండి. తర్వాత పడకల కింద అరల్లో చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే ట్యాంకో, దాని వాల్వో కారుతోంది. ఈ గంట ఓపిక లేని అమ్మకందారు దగ్గర కొనకండి.

ట్రెయిలర్ టైర్ల మీద డాట్ (DOT) కోడ్ చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు కొత్తగా కనిపించినా ఆరేళ్ళు దాటిన టైర్లు ఎండకి పగిలి ఉంటాయి, కొన్న రోజే మార్చేయండి.

లాగడం, దించడం

26ఎమ్ పడవ ఒట్టి బరువు సుమారు 2,550 పౌండ్లు. మోటారు, ట్రెయిలర్, పెట్రోలు, సామాను కలిపితే నాలుగు వేల పౌండ్ల దాకా వెళ్తుంది. మీ ఎస్‌యూవీ లాగగలిగే బరువు ఎంతో మాన్యువల్‌లో చూసి, దానికి ఇంకా వెయ్యి పౌండ్లు మిగిలి ఉంటేనే లాగండి. మొత్తం బరువులో పదో వంతు దాకా హిచ్ (కారు వెనక ట్రెయిలర్ తగిలించే చోటు) మీద పడాలి. వెనక బరువెక్కువైతే హైవే మీద ట్రెయిలర్ పాములా ఊగడం మొదలవుతుంది. ట్యాంకులో నీళ్ళతో ఎప్పుడూ లాగకండి.

రాంప్ చేరాక మాస్టు లేపేముందు తలెత్తి పైకి చూడండి. లేచిన మాస్టు కొస నీటి మట్టానికి ముప్పై అడుగులకి పైనే ఉంటుంది. కరెంటు తీగలు పైన ఉన్న పార్కింగులో మాస్టు లేపి, రాంప్ వైపు లాక్కెళ్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మాస్టు లేపే చోటు నుంచి నీళ్ళ దాకా దారంతా నడిచి చూసి రండి. ఆ తర్వాతే చెయ్యి వేయండి.

మొదట్లో పడవ సిద్ధం చేయడానికి గంటకి పైనే పడుతుంది. వెనక క్యూలో వాళ్ళు హారన్ కొడుతున్నారని తొందరపడకండి. రాంప్ మీద కాకుండా పక్కన, సిద్ధం చేసుకునే చోట, అంతా బిగించుకున్నాకే వరుసలోకి రండి.

ట్యాంకు

అన్నిటికంటే నిదానంగా చదవాల్సింది ఇదే. 26ఎక్స్‌లో దాదాపు 1,400 పౌండ్ల నీళ్ళు పడతాయి. 26ఎమ్‌లో 1,150 పౌండ్ల నీళ్ళు, దానికి తోడు అడుగున శాశ్వతంగా 300 పౌండ్ల బరువు ఉంటుంది. పడవ నీళ్ళలోకి దిగాక వెనక వాల్వు తెరిచి, ముందు భాగంలో గాలి రంధ్రం బిరడా తీయాలి. నీళ్ళు లోపలికొస్తుంటే ఆ రంధ్రంలోంచి గాలి బుస్సుమంటూ బయటికి పోతుంది. ఐదారు నిమిషాలు పడుతుంది. గాలి చప్పుడు ఆగింది కదా అని మూసేయకండి. రంధ్రంలో వేలు పెట్టండి. వేలికి నీళ్ళు తగిలితేనే నిండినట్టు. అందరూ వెనక కూర్చుంటే పడవ ముక్కు పైకి లేచి, ట్యాంకు ముందు భాగంలో గాలి మిగిలిపోతుంది. అప్పుడు ఒకరు ముందుకెళ్ళి నిలబడాలి. వేలికి నీళ్ళు తగిలాక బిరడా బిగించి, వాల్వు మూసి, మూసిందని రెండోవాళ్ళచేత కూడా చూపించండి.

నీళ్ళలో నీటికి బరువుండదు కదా, మరి ఈ నీళ్ళు పడవని ఎలా నిలబెడతాయని కొందరడుగుతారు. పడవ నిటారుగా ఉన్నంతసేపూ అవి పెద్దగా చేసేదేమీ లేదు. పడవ ఒరిగినప్పుడు ట్యాంకు ఒక పక్క బయటి నీటి మట్టాన్ని దాటి పైకి లేస్తుంది. అక్కడినుంచి ఆ నీళ్ళ బరువు పనిచేసి, లేచిన పక్కని తిరిగి కిందికి లాగుతుంది. అందుకే సీసం కీల్ (అడుగున వేలాడే బరువైన పలక) ఉన్న పడవలా ఇది మొదటినుంచీ గట్టిగా నిలబడదు. చిన్న గాలికే పదిహేను డిగ్రీలు చటుక్కున ఒరిగి, ఆ తర్వాత బిగిసి నిలుస్తుంది. మొదటిసారి ఎక్కినవాళ్ళు ఇక్కడే బెదిరిపోతారు. బయల్దేరేముందే వాళ్ళకి ఈ మాట చెప్పి ఉంచండి.

సగం నిండిన ట్యాంకు ఖాళీ ట్యాంకు కంటే మంచిదనుకోవడం పెద్ద పొరపాటు. సగం నీళ్ళుంటే పడవ ఎటు ఒరిగితే నీళ్ళన్నీ అటే పరుగెత్తుతాయి, ఒరుగుడు ఇంకా పెరుగుతుంది. ఉంటే నిండుగా ఉండాలి, లేకపోతే పూర్తిగా ఖాళీగా ఉండాలి.

మరి ఖాళీగా ఎందుకు తిప్పుతారు? వేగం కోసం. 50 హార్స్‌పవర్ మోటారుతో, ట్యాంకు ఖాళీగా, తక్కువ సామానుతో గంటకి 24 మైళ్ళు వస్తుందని కంపెనీ చెప్పేది. నీళ్ళు నింపితే అంత రాదు. ఖాళీగా నడపడానికి కంపెనీ మాన్యువల్ గట్టి షరతులే పెట్టింది. తెరచాపలు దించి ఉండాలి. నలుగురికి మించి ఎక్కకూడదు. అలలు అడుగు దాటకూడదు. క్యాబిన్ పైన గానీ ముందు డెక్ మీద గానీ ఎవరూ ఉండకూడదు. ట్యాంకు నిండకపోతే అరవై డిగ్రీలు దాటి ఒరిగిన పడవ తిరిగి లేవకపోవచ్చని అందులోనే రాసి ఉంది.

2002 జూలై 4న, వెర్మాంట్, న్యూయార్క్ రాష్ట్రాల మధ్య ఉన్న షాంప్లెయిన్ సరస్సులో ఇలాంటి మెక్‌గ్రెగర్ పడవే బోల్తా పడింది. ట్యాంకు ఖాళీగా ఉంది, పడవ నిండా జనం. క్యాబిన్ లోపల చిక్కుకున్న ఇద్దరు పిల్లలు చనిపోయారు. నడిపినాయన మద్యం తాగి ఉన్నాడని కోర్టులో తేలింది. సెలవురోజు, సరస్సు, కుటుంబాలు, లోపల ఆడుకునే పిల్లలు: మన వారాంతాలకీ దానికీ తేడా ఏమీ లేదు. అందుకే నా సలహా కంపెనీ మాన్యువల్ కంటే ఒక మెట్టు కఠినంగా ఉంటుంది. పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపూ ట్యాంకు నిండుగానే ఉండాలి. ఖాళీ చేసేది ట్రెయిలర్ మీదికి ఎక్కించేటప్పుడే. పోయేది గంటకి కొన్ని మైళ్ళ వేగమే.

ఎంతమంది ఎక్కాలి

ఆరుగురు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, రెండు కుటుంబాలు కలిసినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. మీ ఇంట్లో నలుగురు, స్నేహితుడింట్లో నలుగురు, పెద్దవాళ్ళు ఇద్దరు. పది మందినీ ఒకేసారి ఎక్కించకండి. రెండు విడతలుగా తీసుకెళ్ళండి. రెండోసారి వెళ్ళాల్సినవాళ్ళు ఒడ్డున పులిహోర తింటూ కూర్చుంటారు, ఎవరికీ నష్టం లేదు.

లైఫ్ జాకెట్ ప్రతి ఒక్కరికీ కొలత ప్రకారం ఉండాలి. పదమూడేళ్ళలోపు పిల్లలు కదిలే పడవ డెక్ మీద ఉన్నంతసేపూ జాకెట్ వేసుకునే ఉండాలన్నది ఫెడరల్ నియమం, రాష్ట్రాన్నిబట్టి ఇది కాస్త మారుతుంది. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఈత రాదు. నియమం లేకపోయినా వాళ్ళకీ వేయండి. చీర మీదే నడుము పట్టీలు బిగించి చూడండి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవుల దాకా జారకూడదు. "నాకెందుకు నాయనా, కూర్చునే ఉంటాగా" అంటారు. వినకండి.

గాలికి ముందే తెరచాప కుదించండి

గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే తోపు నాలుగింతలవుతుంది. పది నాట్ల గాలి పదిహేనుకి పెరిగితే తోపు రెండింతల పైమాటే. ఈ పడవ తేలిక, గోడలు ఎత్తు, నీళ్ళలో మునిగే భాగం తక్కువ. పెద్ద కీల్ పడవ వాళ్ళు పూర్తి తెరచాపలతో వెళ్తున్నారని మీరూ అలాగే వెళ్ళొద్దు.

పది నాట్ల దాకా రెండు తెరచాపలూ పూర్తిగా పెట్టుకోండి. పన్నెండు దాటగానే మెయిన్ సెయిల్‌కి మొదటి రీఫ్ వేసి (అంటే కింది భాగం మడిచి కట్టి చిన్నది చేసి), ముందున్న జిబ్‌ని సగం చుట్టేయండి. పద్దెనిమిదికి చేరితే ఒడ్డు వైపు తిరగండి. ఇరవై ఐదు ఉందంటే మెరీనాలోనే ఉండండి. రీఫ్ వేయడం ఒడ్డున కట్టి ఉన్నప్పుడే సాధన చేయండి, పడవ ఊగుతుండగా, తెరచాప పటపటలాడుతుండగా అది నేర్చుకోలేరు. రీఫ్ వేద్దామా అన్న ఆలోచన వచ్చిందంటే అప్పటికే వేసి ఉండాల్సింది.

హఠాత్తుగా గాలి విసిరితే చుక్కానితో పోట్లాడకండి. మెయిన్ సెయిల్ తాడు వదిలేయండి, పడవ దానంతటదే నిటారవుతుంది. ఆ తాడుని, దాన్ని పట్టి ఉంచే క్లీట్‌లో బిగించి మరిచిపోవడం ప్రమాదం. గాలి గట్టిగా ఉన్నప్పుడు క్యాబిన్ తలుపు పలకలు వేసే ఉంచండి. ట్యాంకు నిండి ఉన్నా సరే, తెరిచిన తలుపులోంచి నీళ్ళు లోపలికొస్తే లెక్క మారిపోతుంది. లోపల ఫోమ్ నింపారు కాబట్టి పడవ మునిగిపోకుండా తేలుతుంది. అలా తేలే పడవని పట్టుకుని సాయం కోసం ఎదురుచూడాలే గానీ దాంతో ప్రయాణం చేయలేరు.

మోటారుని ఎంత నమ్మొచ్చు

మోటారు ఉంది కదా, వాతావరణం చెడితే పరుగెత్తి వచ్చేస్తాం అన్నది ఈ పడవ కొన్నవాళ్ళలో కనిపించే నమ్మకం. అది నిలబడేది నీళ్ళు చదునుగా ఉన్నంతసేపే. రెండడుగుల పొట్టి అలలు ఎదురుగా వస్తే అడుగు భాగం ధబ్ ధబ్‌మని కొట్టుకుంటుంది, ఇరవై మైళ్ళ వేగం కాస్తా ఆరేడుకి పడిపోతుంది. వెనక భాగం అల మీద లేచినప్పుడల్లా ప్రొపెల్లర్ గాలిలోకి వచ్చి మోటారు గీ పెడుతుంది. కాబట్టి ఏ ప్రయాణానికైనా సమయం ఐదు నాట్ల మీదే లెక్కేయండి. మోటారు ఇచ్చే అదనపు వేగాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పెట్రోలు సంగతి చూడండి. రెండు పన్నెండు గ్యాలన్ల ట్యాంకులు పెట్టుకున్నారనుకుందాం. 50 హార్స్‌పవర్ మోటారు పూర్తిగా తిప్పితే గంటకి నాలుగైదు గ్యాలన్లు తాగుతుంది. ఐదారు గంటల్లో ఖాళీ. అదే ఐదు నాట్ల నడకలో గంటకి ఒక గ్యాలన్ చుట్టుపక్కల సరిపోతుంది. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. నెమ్మదిగా తిరగడమే మీ ఉద్దేశమైతే 10 హార్స్‌పవర్ మోటారుతో కూడా ఆరు నాట్ల దగ్గరికి వస్తారు, వెనక బరువూ తగ్గుతుంది.

వేగంగా పోయేటప్పుడు డాగర్‌బోర్డు, చుక్కానులు పైకెత్తి ఉండాలి. బోర్డు దిగి ఉండగా వేగంగా మలుపు తిప్పితే పడవ దాని మీద తట్టుకుని పక్కకి పడే ప్రమాదముంది. ఒడ్డుకి నెమ్మదిగా వచ్చేటప్పుడు దీనికి వ్యతిరేకం: బోర్డు ఒకటి రెండడుగులు దించండి, చుక్కానులూ దించండి, లేకపోతే పక్కగాలికి పడవ నీళ్ళ మీద అడ్డంగా జారుతుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి, 26 అడుగుల లోపు పడవని వేగంగా నడిపేవాళ్ళు ఇంజన్ ఆపే తాడుని ఒంటికి తగిలించుకోవాలని అమెరికాలో నియమముంది. ఈ పడవ రెండంగుళాల తేడాతో ఆ నియమం కిందికొస్తుంది. నడిపేవాళ్ళు నీళ్ళలో పడితే మోటారు అక్కడే ఆగుతుంది, పడవ వాళ్ళని వదిలేసి పోదు, ప్రొపెల్లర్‌తో వాళ్ళ మీదికీ రాదు.

దూరం పెంచుకోవడం

లాస్ ఏంజిలస్ తీరం నుంచి కాటలీనా దీవి సుమారు 22 నాటికల్ మైళ్ళు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు). ఐదు నాట్ల లెక్కన నాలుగున్నర గంటలు. వేసవిలో అక్కడ పొద్దున గాలి నెమ్మదిగా ఉండి, మధ్యాహ్నం పడమటి గాలి లేస్తుంది. తెల్లవారుతూనే బయల్దేరి మధ్యాహ్నంలోపు చేరితే మంచి ప్రయాణం. పదింటికి బయల్దేరితే చివరి గంటలు అలలతోనే సరి. ఎడారి వైపునుంచి సాంటా ఆనా గాలి వస్తుందన్న సూచన ఉంటే అసలు వెళ్ళొద్దు. ఆవలాన్ హార్బర్ ఆ గాలికి ఎదురుగా తెరుచుకుని ఉంటుంది, దాక్కోవడానికి వెళ్ళిన చోటే దెబ్బ తింటారు.

శాన్ ఫ్రాన్సిస్కో బే మన ఫ్రీమాంట్, శాన్ హోసే వాళ్ళకి దగ్గర. వేసవి మధ్యాహ్నాలు గోల్డెన్ గేట్ లోంచి 20, 25 నాట్ల గాలి రావడం అక్కడ మామూలే. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళని చూసి మోసపోకండి. నీళ్ళు చల్లన, పడగానే ఊపిరి ఎగబీలుస్తుంది. పదకొండు గంటల కల్లా వెనక్కి వచ్చే లెక్కతో వెళ్ళండి.

ఫ్లోరిడా నుంచి బహామాస్‌లోని బిమినీ దాదాపు 45 నాటికల్ మైళ్ళు. మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్ ఉత్తరానికి పారుతుంటుంది. ఉత్తరపు గాలి దానికి ఎదురొస్తే అలలు గోడల్లా లేస్తాయి. ఇలాంటి పడవల్లో దాన్ని దాటినవాళ్ళున్నారు, మంచి గాలి కోసం రోజుల తరబడి ఒడ్డున ఆగి మరీ దాటారు. సోమవారం ఆఫీసుకి వెళ్ళాల్సినవాళ్ళు చేసే ప్రయాణం కాదిది. ఈ సైజు పడవకి క్యాలెండరే తుఫానంత శత్రువు.

1965లో రాబర్ట్ మ్యాన్రీ పదమూడున్నర అడుగుల టింకర్‌బెల్‌లో అట్లాంటిక్ దాటాడు కదా అని గుర్తుచేసేవాళ్ళుంటారు. నిజమే, 78 రోజుల్లో దాటాడు. దారిలో ఎన్నోసార్లు అలలకి నీళ్ళలో పడ్డాడు, ఒంటికి తాడు కట్టుకుని ఉన్నాడు కాబట్టి తిరిగి ఎక్కాడు. ఒంటరిగా, తెలిసి, సిద్ధపడి వెళ్ళాడు. మీ పడవలో ఎనిమిదేళ్ళ పాప ఉంటుంది.

బయల్దేరే ముందురోజు నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ మెరైన్ ఫోర్‌కాస్ట్ చదవండి, పొద్దున్నే మళ్ళీ చదవండి. అలల ఎత్తు పక్కనే సెకన్లుంటాయి. మూడడుగుల అల పన్నెండు సెకన్లకొకటి వస్తే పడవ మెల్లగా లేచి దిగుతుంది, నాలుగు సెకన్లకొకటి వస్తే అందరూ వాంతులు చేసుకుంటారు. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ (చిన్న పడవలకిచ్చే హెచ్చరిక) ఉంటే మాస్టు లేపకండి. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్ మీద సాయం అడగడం మీతోపాటు పడవలో ఇంకొకరికైనా నేర్పండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో, ఆ టైము దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఒడ్డున ఉన్న ఒకరికి ఇచ్చి వెళ్ళండి.

ఉప్పునీళ్ళనుంచి వచ్చిన రోజే మోటారులో మంచినీళ్ళు పది నిమిషాలు తిప్పండి. ట్రెయిలర్ బ్రేకులు కడగండి. హైవే ఎక్కి పది మైళ్ళు వచ్చాక ఆగి చక్రాల హబ్‌ల దగ్గర వేడి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ పోతోంది, అక్కడినుంచి టో ట్రక్కుని పిలవండి.